మీరేం మార్చలేదు, అయినా ఇన్‌స్టాల్ ఫెయిలైందా? కొత్త వెర్షన్ కొట్టే దెబ్బ నుంచి బయటపడటం ఇలా

గిట్‌హబ్‌లో మంచి ఏఐ టూల్ ఒకటి దొరికింది. యూట్యూబ్ వీడియోలో చూపించినట్టే స్టెప్ బై స్టెప్ చేశారు. వీడియోలో ఆయనకి రెండు నిమిషాల్లో రన్ అయిపోయింది, మీకు మాత్రం స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. పైథాన్ తీసేసి మళ్లీ వేశారు, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశారు, యాంటీవైరస్ ఆపారు. అయినా అదే ఎర్రర్. ఇక మిగిలిన అనుమానం ఒక్కటే, "నా ల్యాప్‌టాప్‌కి కెపాసిటీ సరిపోవట్లేదేమో".

ఆగండి. ర్యామ్ కోసం డబ్బు పెట్టే ముందు ఇది చదవండి. ఇలాంటి కేసులు నా దగ్గరకి చాలా వస్తుంటాయి. వాటిలో ఎక్కువ శాతం తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, మీదీ కాదు. ఆ టూల్ వాడుకునే ఏదో ఒక చిన్న లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చి ఉంటుంది. "ఫలానా వెర్షనే కావాలి" అని టూల్ రాసినవాళ్లు చెప్పలేదు కాబట్టి మీ సిస్టమ్ లేటెస్ట్‌ది తెచ్చుకుంది. పాత టూల్‌కి, కొత్త లైబ్రరీకి పొత్తు కుదరలేదు. కథ ఇంతే.

ఒక మాట ముందే చెప్తా. కమాండ్లు, ఎర్రర్లు అన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశా. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే టైప్ చేయాలి.

అసలేం జరుగుతోంది?

ఫోన్ కేస్‌తో పోల్చి చూడండి. షాప్‌కెళ్లి మోడల్ నంబర్ చెప్పకుండా "ఆ కంపెనీ ఫోన్‌కి కేస్ ఇవ్వండి" అన్నారనుకోండి. షాపతను ఈ ఏడాది మోడల్ కేస్ ఇస్తాడు. మీ చేతిలో ఉన్నది రెండేళ్ల కిందటి ఫోన్. కేస్ బాగానే ఉంది, ఫోనూ బాగానే ఉంది, కెమెరా హోల్ మాత్రం పక్కకి జరిగింది.

పైథాన్ ప్రాజెక్ట్‌లో ఆ కొనాల్సిన సరుకుల చీటీ పేరు రిక్వైర్‌మెంట్స్ ఫైల్. అందులో ఒక లైన్‌లో "ఫ్లాస్క్" అని పేరు మాత్రమే ఉంటే పిప్ ఆ రోజుకి ఉన్న లేటెస్ట్ వెర్షన్ తెస్తుంది. "ఫ్లాస్క్==2.2.2" అని ఉంటే అదే వెర్షన్ తెస్తుంది. ఇలా వెర్షన్ కట్టేయడాన్నే పిన్ చేయడం అంటారు.

చిక్కేంటంటే, చీటీలో మీరు పది పేర్లు రాస్తే ఇన్‌స్టాల్ అయ్యేవి నలభై. ఫ్లాస్క్‌కి వెర్క్‌జ్యూగ్ కావాలి, జింజా కావాలి. జింజాకి మార్కప్‌సేఫ్ కావాలి. మీరు ఫ్లాస్క్‌ని పిన్ చేసినా, దాని కింద ఉన్నవాటికి పిన్ లేకపోతే అవి ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటాయి. ఒకే ఫైల్‌తో ఆగస్టులో చేసిన ఇన్‌స్టాల్, ఫిబ్రవరిలో చేసిన ఇన్‌స్టాల్ ఒకటి కావు. ఫైల్‌లో ఒక్క అక్షరం మారకపోయినా సరే.

రివ్యూకి రెండ్రోజులుందనగా

దీని దెబ్బ ఎవరికి గట్టిగా తగులుతుందో తెలుసా? ఫైనలియర్ పిల్లలకి.

2024 ఫిబ్రవరిలో మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. గుంటూరు వైపు ఓ కాలేజీలో బీటెక్ ఆఖరి ఏడాది. నలుగురు కలిసి ఫేస్ చూసి అటెండెన్స్ వేసే ప్రాజెక్ట్ చేశారు. వెబ్ పేజీకి ఫ్లాస్క్, కెమెరాకి ఓపెన్‌సీవీ. ఆగస్టులో చక్కగా నడిచింది. సంక్రాంతి తర్వాత ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయాల్సొచ్చింది. కోడ్ బ్యాకప్ ఉంది కాబట్టి అదే ఫైల్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేసింది. యాప్ ఓపెన్ కావట్లేదు.

"నేనేం ముట్టుకోలేదు అన్నయ్యా. అదే ఫోల్డర్, అదే ఫైలు. ఎల్లుండి రివ్యూ. నడవకపోతే ఎక్కడో కొనుక్కొచ్చారనుకుంటారు" అంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్లు ఉన్న సంగతి గైడ్లందరికీ తెలుసు. "మా సిస్టమ్‌లో అయితే నడిచింది సార్" అనే మాట వాళ్లు ప్రతి ఏడాదీ వింటారు. నిజంగా రాత్రిళ్లు కూర్చుని రాసిన పిల్లలు, డబ్బిచ్చి కొన్నవాళ్లు ఆ ఒక్క మాట దగ్గర ఒకేలా కనిపిస్తారు. మార్కులు పోవడం కంటే అదే ఎక్కువ బాధ.

"ఎర్రర్‌లో ఆఖరి లైను చదువమ్మా" అన్నా. ఇంపోర్ట్ ఎర్రర్: వెర్క్‌జ్యూగ్ డాట్ యూఆర్ఎల్స్ నుంచి యూఆర్ఎల్_కోట్ అనే పేరుని ఇంపోర్ట్ చేయలేకపోతున్నా, అని ఉంది. దాని పై లైన్‌లో ఉన్న ఫైల్ దారి ఈ పిల్లల కోడ్‌ది కాదు. ఫ్లాస్క్ లోపలి ఫైల్.

ఇక్కడే సగం కేసు తేలిపోయింది. వాళ్ల ఫైల్‌లో ఫ్లాస్క్ 2.2.2 అని పిన్ ఉంది. వెర్క్‌జ్యూగ్ పేరే లేదు. ఫ్లాస్క్ 2.2.2 తన వైపు నుంచి అడిగేది "వెర్క్‌జ్యూగ్ 2.2.2 గానీ, ఆపైన ఏదైనా గానీ". పైన హద్దు లేదు. ఆగస్టులో ఆ "ఆపైన ఏదైనా" అంటే 2.3 సిరీస్. 2023 సెప్టెంబర్ 30న వెర్క్‌జ్యూగ్ 3.0 వచ్చింది, అందులో యూఆర్ఎల్_కోట్ అనే ఫంక్షన్ తీసేశారు. ఫిబ్రవరిలో పిప్ రూల్ ప్రకారమే 3.0 సిరీస్ తెచ్చింది. పాత ఫ్లాస్క్ వచ్చి లేని ఫంక్షన్ కోసం తలుపు కొట్టింది.

వెర్క్‌జ్యూగ్ వాళ్లని తిట్టుకోవడానికీ లేదు. ఆ ఫంక్షన్ పోతుందని 2.3 నుంచే వార్నింగ్ ఇస్తూ వచ్చారు. పెద్ద మార్పు కాబట్టి మొదటి అంకె కూడా మార్చారు. వార్నింగ్ ఉన్నా యాప్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. నడుస్తున్న యాప్ వార్నింగ్ ఎవరు చదువుతారు?

పరిష్కారం ఒక్క లైను: పిప్ ఇన్‌స్టాల్ "ఫ్లాస్క్==2.2.2" "వెర్క్‌జ్యూగ్<3". పేజీ ఓపెన్ అయింది, కెమెరా ఆన్ అయింది. మిగిలిన పనల్లా ఆ స్థితిని కదలకుండా కట్టేయడం. అదెలాగో కింద చెప్తా.

రెండు జాగ్రత్తలు. ఒకటి, కొటేషన్ గుర్తులు మర్చిపోవద్దు. అవి లేకపోతే చిన్నది గుర్తుని టెర్మినల్ వేరేగా అర్థం చేసుకుంటుంది, 3 అనే పేరుతో ఫైల్ ఉందేమోనని వెతుకుతుంది. రెండోది, సంబంధం ఉన్న ప్యాకేజీలన్నీ ఒకే కమాండ్‌లో ఇవ్వండి. విడివిడిగా ఇస్తే ఒకటి సరిచేసినదాన్ని ఇంకోటి చెడగొట్టొచ్చు.

నేరస్తుణ్ణి పట్టుకునే ఐదు స్టెప్పులు

ప్రతిసారీ నెట్‌లో మీ ఎర్రర్‌కి రెడీమేడ్ జవాబు దొరకదు. నేను ఫాలో అయ్యే వరస ఇది.

1. ఎర్రర్ ఎప్పుడొచ్చిందో చూడండి. పిప్ ఇన్‌స్టాల్ జరుగుతుండగానే ఆగిపోయిందా, లేక ఇన్‌స్టాల్ బాగానే అయ్యి ప్రోగ్రామ్ నడిపినప్పుడు పడిందా? మొదటిది బిల్డ్ సమస్య, రెండోది వెర్షన్ల మధ్య పొత్తు సమస్య. రెండింటికీ మందు వేరు.

2. ఆఖరి లైను చదివి, అక్కణ్ణుంచి పైకి వెళ్లండి. ఫైల్ దారిలో సైట్ ప్యాకేజెస్ అనే ఫోల్డర్ ఉంటే ఎర్రర్ మీ కోడ్‌లో కాదు, లైబ్రరీలో. ఏ లైబ్రరీ ఫైల్ నుంచి ఏ లైబ్రరీని పిలుస్తుంటే పడిందో రెండు పేర్లూ నోట్ చేసుకోండి. పిలిచినది పాతది, పలకనిది కొత్తది. దాదాపు ఎప్పుడూ ఇంతే.

3. తేదీలు పోల్చండి. ఆ ప్యాకేజ్ పేజీ పైపీఐలో తెరిస్తే రిలీజ్ హిస్టరీ ఉంటుంది, ప్రతి వెర్షన్ పక్కనే తేదీ. మీ ప్రాజెక్ట్ ఆఖరిసారి ఎప్పుడు నడిచింది? ఆ తేదీకీ, ఇవాళ్టికీ మధ్య వచ్చిన పెద్ద వెర్షనే మొదటి అనుమానితుడు. యూట్యూబ్ వీడియో చూసి చేస్తుంటే వీడియో అప్‌లోడ్ తేదీని లెక్కలోకి తీసుకోండి.

4. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో టెస్ట్ చేయండి. ఉన్నదాని మీదే పదిసార్లు వేసి తీసి చేస్తే ఏ మార్పు వల్ల బాగైందో తెలీదు. పైథాన్ మైనస్ ఎం వీఎన్వి అనే కమాండ్‌తో ఖాళీ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని, అనుమానం ఉన్నదానికి పై హద్దు పెట్టి ఇన్‌స్టాల్ చేయండి.

5. బాగైందా? వెంటనే పిప్ చెక్ కొట్టండి. ఇంకేవైనా ప్యాకేజీలు ఒకదానికొకటి సరిపడకుండా ఉంటే చెప్తుంది. ఒక్క విషయం. పాత ఫ్లాస్క్, కొత్త వెర్క్‌జ్యూగ్ లాంటి కేసుని పిప్ చెక్ పట్టలేదు. కాగితం మీద రూల్ తప్పలేదు కదా. కాబట్టి ప్రోగ్రామ్‌ని ఒకసారి పూర్తిగా నడిపి చూడటమే అసలు టెస్ట్.

ఈ ఎర్రర్లు మీకూ వచ్చే ఉంటాయి

ఇవి కొన్నేళ్లుగా ఎక్కువమందిని ఏడిపించిన కేసులు. మీ స్క్రీన్ మీద ఉన్నది ఇందులో ఉందేమో చూడండి.

సాఫ్ట్_యూనికోడ్ ఇంపోర్ట్ కావట్లేదు: దోషి మార్కప్‌సేఫ్ 2.1.0, 2022 ఫిబ్రవరి. పాత ఫ్లాస్క్ 1.1.4 వాడేవాళ్లకి తగిలింది. ఇది చూడముచ్చటైన కేసు. ఫ్లాస్క్ 1.1.4 జాగ్రత్తగానే "జింజా 3 కంటే తక్కువ" అని హద్దు పెట్టుకుంది. ఆ పాత జింజా మాత్రం మార్కప్‌సేఫ్‌కి పై హద్దు పెట్టలేదు. గొలుసులో ఒక్క లంకె వదులుగా ఉంటే చాలు. పైగా ఇక్కడ మారింది మొదటి అంకె కూడా కాదు, 2.0 నుంచి 2.1. "మొదటి అంకె మారకపోతే ఏం కాదులే" అనే నమ్మకం ప్రతిసారీ పనిచేయదు. మందు: "మార్కప్‌సేఫ్==2.0.1".

డిస్క్రిప్టర్స్ కెనాట్ నాట్ బీ క్రియేటెడ్ డైరెక్ట్‌లీ: అవును, అప్పట్లో "కెనాట్ నాట్" అనే వచ్చేది, అచ్చుతప్పు ఎర్రర్ మెసేజ్‌లోనే ఉండేది. దోషి 2022 మేలో వచ్చిన ప్రోటోబఫ్ 4.21. టెన్సర్‌ఫ్లో, స్ట్రీమ్‌లిట్ వాడేవాళ్లు బాగా ఇబ్బంది పడ్డారు. మెచ్చుకోవాల్సింది ఏంటంటే, ఆ ఎర్రర్ మెసేజ్ కిందే మందు రాసి ఉంటుంది: ప్రోటోబఫ్‌ని 3.20 సిరీస్‌కి గానీ, అంతకంటే కిందికి గానీ దించమని. పూర్తిగా చదివినవాళ్లు ఐదు నిమిషాల్లో బయటపడ్డారు.

నంపై 1.ఎక్స్‌తో కంపైల్ చేసిన మాడ్యూల్ నంపై 2లో నడవదు: నంపై 2.0 వచ్చింది 2024 జూన్ 16న. ఇది ఫంక్షన్ పేరు మారిన గొడవ కాదు. ఓపెన్‌సీవీ లాంటి లైబ్రరీల లోపల ముందే కంపైల్ చేసిన ముక్కలుంటాయి. అవి నంపై డేటా మెమరీలో ఎలా పేర్చి ఉంటుందో పాత కొలతలతో తయారయ్యాయి. కొలతలు మారాయి. మందు: "నంపై<2", లేదా ఆ లైబ్రరీకే నంపై 2కి సరిపడే కొత్త వెర్షన్. మెలిక ఒకటుంది. నంపై 1.26కి పైథాన్ 3.12 వరకే రెడీమేడ్ ఫైళ్లున్నాయి. మీది పైథాన్ 3.13 అయితే "నంపై<2" అనగానే అది మీ ల్యాప్‌టాప్‌లో సోర్స్ నుంచి బిల్డ్ అవ్వాలని చూస్తుంది, కంపైలర్ లేక చతికిలపడుతుంది. అప్పుడు పైథాన్ 3.11 గానీ, 3.12 గానీ పక్కన వేసుకోవడమే సులువు.

క్లయింట్‌కి ప్రాక్సీస్ అనే ఆర్గ్యుమెంట్ తెలీదు: చాట్‌బాట్ ప్రాజెక్టులు చేసేవాళ్లకి ఎదురైనది. 2024 నవంబర్‌లో హెచ్‌టీటీపీఎక్స్ 0.28 ఆ ఆర్గ్యుమెంట్ తీసేసింది, పాత ఓపెన్‌ఏఐ పైథాన్ లైబ్రరీ ఇంకా దాన్నే పంపుతోంది. చాలామంది ఏపీఐ కీ తప్పేమోనని కొత్త కీలు తీసుకున్నారు. కీకి సంబంధమే లేదు. మందు: ఓపెన్‌ఏఐ లైబ్రరీని అప్‌డేట్ చేయడం, లేదా "హెచ్‌టీటీపీఎక్స్<0.28".

ఆ అటెండెన్స్ ప్రాజెక్ట్ సంగతి మళ్లీ చెప్పాలి. తర్వాతి బ్యాచ్ పిల్లలు దాన్ని ఇంకా పెంచుదామని తీసుకున్నారు. తీసుకున్నది కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో పడున్న మొదటి జిప్ నుంచి. వెర్క్‌జ్యూగ్ గొడవ వాళ్లకి అక్క ముందే చెప్పింది కాబట్టి అది దాటారు. ఆ వెంటనే నంపై 2 అడ్డం పడింది. పిన్ లేని ఫైల్‌కి ఒక చోట అతుకేస్తే ఆర్నెల్లలో ఇంకోచోట చిరుగుతుంది. అందుకే అతుకు దగ్గర ఆగకూడదు.

పిన్ చేసినా పగిలేవి

కొన్ని కేసులు మరీ మొండివి. 2023 జులై 17న సైథాన్ 3.0 విడుదలైంది. ఆ రోజు నుంచి చాలామందికి పైయామల్ ఇన్‌స్టాల్ అవ్వడం మానేసింది. "పైయామల్==5.4.1" అని శుభ్రంగా పిన్ చేసుకున్నవాళ్లకి కూడా! పాత డాకర్ కంపోజ్ 1.29ని పిప్‌తో వేసుకునేవాళ్లూ అందులో చిక్కుకున్నారు, ఎందుకంటే అది పైయామల్ 6 కంటే తక్కువే కావాలంటుంది.

ఎందుకిలా? మీ సిస్టమ్‌కి సరిపడే రెడీమేడ్ ఫైల్ లేనప్పుడు పిప్ సోర్స్ తెచ్చి బిల్డ్ చేస్తుంది. ఆ పని కోసం పక్కన ఓ తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్ సృష్టిస్తుంది. దానికి కావాల్సిన పనిముట్ల చీటీ వేరు. పైయామల్ ఆ చీటీలో సైథాన్ అని పేరు మాత్రమే రాసింది, వెర్షన్ లేదు. మీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో "సైథాన్<3" అని ఎన్నిసార్లు రాసినా ఆ పక్క గదిలోకి వినపడదు.

మందు రెండు రకాలు. పైయామల్ వాళ్లు వెంటనే 6.0.1 వదిలారు, అందులో చీటీ సరిచేశారు. దానికి మారగలిగితే పని అయిపోయినట్టే. పాతదే కావాలంటే "సైథాన్<3" అని ఒక చిన్న ఫైల్‌లో రాసి, పిప్_కన్‌స్ట్రెయింట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ ఫైల్ దారి ఇచ్చి ఇన్‌స్టాల్ చేస్తే ఆ మాట పక్క గదికీ చేరేది. కొత్త పిప్‌లో ఇదే పనికి బిల్డ్ కన్‌స్ట్రెయింట్ అనే ప్రత్యేక ఆప్షన్ వచ్చింది, అది వాడండి.

ఎర్రర్‌లో బిల్డ్ వీల్, గెటింగ్ రిక్వైర్‌మెంట్స్ లాంటి మాటలు కనిపిస్తే మీది ఈ రకం కేసు అని గుర్తుపట్టొచ్చు.

ఫోన్‌లో ట్రై చేసేవాళ్లకి

టెర్మక్స్‌లో పైథాన్ నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ల్యాప్‌టాప్ కొనే స్తోమత వచ్చేదాకా ఫోన్‌తోనే కోడింగ్ చేసేవాళ్లని నేను చూశా, వాళ్లకి సలాం. అక్కడ పిప్‌తో నంపై వేస్తే గంటలకొద్దీ ఫోన్ వేడెక్కి ఆఖరికి ఫెయిలవ్వచ్చు. మామూలు లైనక్స్ కోసం తయారైన రెడీమేడ్ ఫైళ్లు ఆండ్రాయిడ్‌లో నడవవు కాబట్టి ప్రతిదీ ఫోన్‌లోనే బిల్డ్ అవ్వాలి. దానికంటే టెర్మక్స్ సొంత ప్యాకేజ్ వాడండి: పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్-నంపై. అయితే వెర్షన్ మన ఇష్టం కాదు, టెర్మక్స్ వాళ్లు ఇచ్చిందే. పాత ప్రాజెక్టులకి ఇది అడ్డు కావచ్చు.

కట్టేయడానికి ఏ టూల్ బెటర్?

బాగైన స్థితిని ఫోటో తీసినట్టు దాచుకోవాలి. మూడు ఆప్షన్లున్నాయి. మన సైట్ స్టైల్‌లోనే పోల్చి చూద్దాం.

పిప్ ఫ్రీజ్: కొత్తగా ఏదీ వేసుకోనక్కర్లేదు. ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న ప్రతి ప్యాకేజ్‌నీ వెర్షన్‌తో సహా రాసిస్తుంది. ప్లస్ పాయింట్ సింప్లిసిటీ. మైనస్ ఏంటంటే, మీరు కావాలని తెచ్చుకున్నవేవో, వాటి వెనకాల వచ్చినవేవో కలిసిపోతాయి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లేకుండా కొడితే సిస్టమ్‌లో ఉన్న సంబంధం లేనివన్నీ ఫైల్‌లోకి వచ్చేస్తాయి.

పిప్ టూల్స్: మీకు కావాల్సినవి మాత్రం ఒక చిన్న ఫైల్‌లో రాస్తే, మిగతా గొలుసంతా లెక్కగట్టి పూర్తి పిన్‌లతో ఇంకో ఫైల్ చేసిస్తుంది. ఏది ఎవరి వల్ల వచ్చిందో పక్కనే కామెంట్ కూడా రాస్తుంది. టీమ్‌లో పనిచేసేవాళ్లకి హాయి.

యూవీ: 2024లో వచ్చింది, రస్ట్‌లో రాశారు, స్పీడ్ మామూలుగా ఉండదు. లాక్ ఫైల్ తనే మెయింటైన్ చేస్తుంది. నాకు బాగా నచ్చినది ఎక్స్‌క్లూడ్ న్యూయర్ అనే ఆప్షన్. ఒక తేదీ ఇస్తే, ఆ తేదీ తర్వాత వచ్చిన వెర్షన్లు అసలు లేనట్టే ఇన్‌స్టాల్ చేస్తుంది. 2023 ఆగస్టులో నడిచిన ప్రాజెక్ట్‌కి 2023 సెప్టెంబర్ 1 అని ఇస్తే చాలు, ఆ రోజుల్లోకి వెళ్లిపోయినట్టే. పాత వీడియోలు చూసి చేసేవాళ్లకి ఇది వరం.

నా తీర్పు: ఒక్కరే చేసే చిన్న ప్రాజెక్ట్‌కి పిప్ ఫ్రీజ్ చాలు. పాత ప్రాజెక్ట్‌కి ప్రాణం పోయాలన్నా, కొత్తది మొదలెట్టాలన్నా యూవీ.

జావాస్క్రిప్ట్ వాళ్లకీ ఇదే బాధ ఉంది. ప్యాకేజ్ ఫైల్‌లో వెర్షన్ ముందు ఉండే టోపీ గుర్తు "ఇదీ, మొదటి అంకె మారనంతవరకు దీని తర్వాత వచ్చేవీ" అని అర్థం. 2022 జనవరిలో కలర్స్ అనే లైబ్రరీ రాసినాయనే కావాలని అందులో ఆగని లూప్ పెట్టి కొత్త వెర్షన్ వదిలాడు. దాన్ని వాడే టూల్స్ స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలు కక్కాయి. లాక్ ఫైల్ ఉండి, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడినవాళ్లకి పాత వెర్షనే వచ్చింది. అందుకే లాక్ ఫైల్‌ని గిట్‌లో పెట్టడం మానొద్దు.

డెమో రోజు ఉందా? ఇంకో అడుగు వేయండి

వైవా, ఇంటర్వ్యూ, క్లయింట్ డెమో లాంటివి ఉన్నప్పుడు పిన్ మాత్రమే సరిపోదు. ల్యాబ్‌లో నెట్ ఉండకపోవచ్చు, ఇచ్చే సిస్టమ్ వేరేది కావచ్చు. పిప్ డౌన్‌లోడ్ కమాండ్‌తో అన్ని ప్యాకేజీల ఫైళ్లూ ఒక ఫోల్డర్‌లోకి దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అక్కడ నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఆప్షన్లతో ఆ ఫోల్డర్ చూపిస్తే నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ అయిపోతుంది. దింపిన సిస్టమ్, వేసే సిస్టమ్ రెండింట్లో ఓఎస్, పైథాన్ వెర్షన్ ఒకటే ఉండాలి. లేకపోతే ఫైళ్లు పనికిరావు.

రీడ్‌మీ ఫైల్‌లో రెండు లైన్లు కూడా రాయండి: ఏ పైథాన్ వెర్షన్‌లో నడిపారు, ఆఖరిసారి ఏ తేదీన నడిచింది. మా చెల్లి వాళ్ల టీమ్ ఫ్రీజ్ ఫైల్, పెన్‌డ్రైవ్ రెండూ పట్టుకెళ్లింది. గైడ్ "వేరే సిస్టమ్‌లో నడిపి చూపించండి" అన్నారట. నడిపారు. ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న కోడ్ గురించే. ఎక్కడ కొన్నారని ఎవరూ అడగలేదు.

మరి అన్నీ ఎప్పటికీ పిన్ చేసేయడమేనా?

లేదు. పిన్ చేస్తే పాత బగ్గులూ పిన్ అవుతాయి, సెక్యూరిటీ ఫిక్సులు రాకుండా ఆగిపోతాయి. ఇంట్లో నడిచే హాబీ ప్రాజెక్ట్‌కి పర్లేదు గానీ, జనం లాగిన్ అయ్యే వెబ్‌సైట్‌ని రెండేళ్ల కిందటి వెర్షన్ల మీద వదిలేయడం ప్రమాదం. రెండు నెలలకోసారి ఒక కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో అన్నీ అప్‌డేట్ చేసి చూడండి. నడిస్తే కొత్త ఫ్రీజ్ తీసుకోండి. నడవకపోతే పాతది ఎలాగూ భద్రంగా ఉంది, తీరిగ్గా సరిచేసుకోవచ్చు. అప్‌డేట్ ఎప్పుడు చేయాలో మీరు డిసైడ్ చేయాలి, రివ్యూ ముందు రోజు పిప్ కాదు.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. మీరు రాసేది పదిమంది వాడుకునే లైబ్రరీ అయితే ప్రతిదాన్నీ రెండు ఈక్వల్ గుర్తులతో కట్టేయొద్దు. ఒకరు ఒక వెర్షన్, ఇంకొకరు ఇంకో వెర్షన్ కావాలంటే పిప్ ఎవరి మాటా వినలేక చేతులెత్తేస్తుంది. లైబ్రరీకి కింది హద్దు ఇచ్చి, మీకు కచ్చితంగా పడదని తెలిసిన చోట మాత్రం పై హద్దు పెట్టండి. ఆఖరున వాడే యాప్ దగ్గర లాక్ చేయండి.

ఇప్పుడే మీ ల్యాప్‌టాప్‌లో సవ్యంగా నడుస్తున్న ప్రాజెక్ట్ ఏదైనా ఉంటే, ఈ పేజీ మూసే ముందు దాని ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసి పిప్ ఫ్రీజ్ కొట్టి ఆ ఫైల్ దాచుకోండి. నిమిషం కూడా పట్టదు. పగిలిన తర్వాత పాత వెర్షన్లు ఏవో గుర్తుతెచ్చుకోవడం కంటే అది చాలా సులువు.